పుండు మానితే

మా నాచారం అపార్ట్‌మెంట్లో ఆడవాళ్లకు నా ఉద్యోగమంటే భలే సరదా. లిఫ్టులో దొరికితే చాలు, "జైల్లో నర్సంటే భయమెయ్యదా అండీ?" అంటారు. "వాళ్లు మనకంటే నయమండీ, నీళ్ల మోటారు కోసం కొట్టుకోరు" అంటాను. మాది గోదావరి జిల్లా, వెటకారం పాలతో పాటే పట్టేశారు. ఒకావిడ మాత్రం వదల్లేదు. "అది కాదు, అసలు అందులో మీకు దక్కేదేంటి?" అంది. మా అంతస్తు రాగానే దిగిపోయాను.

దక్కేది లేకపోలేదు. మా ఆడవాళ్ల జైల్లో మనిషిని మనిషి ముట్టుకునేది తలాషీకే. గేటు దగ్గర, బ్యారక్ దగ్గర, కోర్టుకు వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఒళ్లంతా తడిమి చూస్తారు. ఏమీ వెతక్కుండా చెయ్యి పట్టుకునేది నర్సు ఒక్కతే. అందుకని జ్వరమూ తలనొప్పీ ఏమీ లేకపోయినా, "మేడమ్, జర బీపీ సూడున్రి" అని చెయ్యి చాపి కూర్చుంటారు. అంతా బాగానే ఉందన్నా లేవరు. మొదట్లో విసుక్కునేదాన్ని. పోను పోను నాకే అర్థమై, పట్టీ చుట్టి, గాలి కొట్టి, కాసేపు అలాగే ఉంచి తీసేదాన్ని. వాళ్లు లేచి వెళ్లేటప్పుడు ఆ ముఖాలు చూస్తే, నిజం చెబుతున్నాను, ఆ పూట అన్నం రుచిగా ఉండేది. అంతకుముందు చేసిన ప్రైవేటు ఆసుపత్రుల్లో అది నాకు ఎక్కడా దొరకలేదు.

ఇంకో పద్ధతి నాకు నేనే పెట్టుకున్నాను. ఎవరినీ కేసు అడగను. ఏం చేసి వచ్చారో తెలిస్తే సూది గుచ్చే చెయ్యి మారుతుందేమోనని భయం. ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి, అంతవరకే నా విచారణ.

ఒకామె నా దగ్గరికి కుడికాలి పుండుతో వచ్చింది. వయసు పెద్దది కాదు, షుగరు మాత్రం తొందరపడి పట్టుకుంది. బొటనవేలి కింద చెప్పు కరిచిన చోట మొదలైన పుండు లోతుకు దిగింది. కాలు మొద్దుబారిపోయి ఉంది, గిచ్చినా తెలియదు. రోజూ కడిగి కట్టు కట్టేదాన్ని. మనిషి మాటకారి. నా "అండీ"ని ఎక్కిరించి బ్యారక్ మొత్తాన్ని నవ్వించేది. ఒకరోజు ఉన్నట్టుండి గొంతు తగ్గించి, "మేడమ్, మీరు ఉప్పల్ మీదికెళ్లే గదా పోయేది? రింగురోడ్డు కాడ, మెట్రో కింద, మా అత్త మక్క కంకులు కాల్చి అమ్ముతది. పక్కన మా బిడ్డ కూసుంటది. జర సూసొచ్చి సెప్పున్రి" అంది.

నేను బస్సు మారేది అక్కడే. చూశాను. పొగకు అవతల ముసలామె బొగ్గులు విసురుతోంది. పక్కన మూడో తరగతో నాలుగో తరగతో చదివే పిల్ల, యూనిఫాం కూడా విప్పకుండా, ఒళ్లో పుస్తకం పెట్టుకుని బస్సులకేసి చూస్తోంది. మర్నాడు కట్టు కడుతూ చెప్పాను. "తల దువ్వి ఉన్నదా, గట్లనే వదిలేసిందా?" అని అడిగింది. నున్నగా దువ్వి ఉందన్నాను. "ముసలిది మంచిగనే సూస్తున్నది" అని అటు తిరిగి ముక్కు చీదుకుంది. అప్పట్నుంచి మా ఇద్దరికీ అదే కబురు. పిల్ల కనిపించని రోజు కూడా కనిపించిందనే చెప్పేదాన్ని.

"ములాఖత్‌కు తీసుకురాదా మీ అత్త?" అని ఒకసారి అడిగాను. తీసుకురాదంది. తల్లి జైల్లో ఉందని పిల్లకు తెలియదు. అమ్మకు బాగాలేదు, పెద్ద దవాఖానాలో ఉంది అని చెప్పి పెంచుతోంది ముసలామె. అందుకని జైలు నుంచి ఈమెను పెద్దాసుపత్రికి పంపించిన రోజు మాత్రం పిల్లను తీసుకొచ్చి చూపిస్తుంది. ఫలానా రోజని ఎవరో ఒకరి ములాఖత్‌లో కబురు బయటికి వెళ్తుంది. ఆసుపత్రి వరండాలో పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది. తల్లి వెంట ఉండే పోలీసమ్మ దవాఖానాకు కాపలా అని పిల్లకు చెప్పారు. ఆ కానిస్టేబుల్ మంచిదైతే, "నేను చాయ్ తాగొస్త" అని నాలుగడుగులు అవతలికి పోయి అటు తిరిగి నిలబడుతుంది. ఆ చాయ్ అయ్యేదాకా వాళ్లు తల్లీ బిడ్డలు.

ఖైదీని బయటి ఆసుపత్రికి పంపాలంటే ఎస్కార్టు పోలీసులు రావాలి. స్టేడియంలో మ్యాచ్ ఉందన్నా, ఎవరో మంత్రి వస్తున్నాడన్నా వాళ్లు అటు పోతారు, మా జబ్బులు వాయిదా పడతాయి. కాబట్టి మరీ ముంచుకొచ్చిన వాళ్లకే మా డాక్టరు ఎస్కార్టు రాస్తాడు. మానుతున్న పుండుకు ఎవరూ రాయరు.

ఆమె పుండు మానుతూ వచ్చేది. అంచులు ఎర్రగా, శుభ్రంగా, లోపల కొత్త కండ పూడుకుంటూ ఉంటే నాకు పట్టరాని సంతోషం. అంతలో ఒక పొద్దున కట్టు విప్పితే చీము, కంపు. డాక్టరు ఎస్కార్టు రాసేవాడు, రెండు మూడు రోజుల్లో పెద్దాసుపత్రికి. తిరిగొచ్చాక మళ్లీ మానడం, మళ్లీ చీము. షుగరు మాత్రలు ఎగ్గొడుతోందా అంటే అదీ లేదు. జైల్లో మందు చేతికిచ్చి పంపం, మా ఎదుటే మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించాలి. అన్నీ చక్కగా చూపించేది. మందు మార్చమని డాక్టరుతో పోట్లాడాను. పక్కబట్టలు మార్పించాను. చివరికి నా చేతుల శుభ్రం మీద నాకే అనుమానం వచ్చి, తోలు ఊడేలా కడుక్కునేదాన్ని.

ఒకరోజు ఇంకెవరికో కళ్లు తిరిగాయంటే బట్టలుతికే చోటికి వెళ్లాను. ఆమె అక్కడ ఒక మూల కూర్చుని ఉంది. కట్టు విప్పి, జాగ్రత్తగా మడిచి గోడ మీద పెట్టింది. పుండు కాలిని సబ్బునీళ్లు పారే మురిక్కాలవలో పెట్టింది. నన్ను చూసి కాలు తీసుకోలేదు కూడా.

ఒళ్లు మండిపోయింది నాకు. "బుద్ధుందా నీకు? కాలు తీసేస్తారు, తెలుసా?" అని అరిచాను.

"తీస్తే ఎన్ని దినాలు ఉంచుకుంటరు మేడమ్, దవాఖానల?" అంది.

ఆ తడి గచ్చు మీదే కూలబడ్డాను. పుండు మానితే ఆమెకు పిల్ల లేదు. నేను కడిగి, తుడిచి, మందు పెట్టి, సంబరపడుతూ చేసిందంతా ఆమె దగ్గర్నుంచి ఆ పిల్లను లాక్కోవడమే. ఆమె ఎదుటే ఏడ్చాను. "మీరెందుకు ఏడుస్తరు మేడమ్, మీరేం జేసిన్రు" అని నన్నే ఓదార్చింది. ఆ ఓదార్పుకు నాకు ఇంకా ఏడుపొచ్చింది.

మామూలు చెకప్ అని రాసి ఎప్పుడన్నా ఒకసారి పంపించండి సార్ అని డాక్టరును బతిమాలాను. "ఒకరికి రాస్తే అందరికీ రాయాలమ్మా. మొన్న గుండెనొప్పి ఆమెకే ఎస్కార్టు రాలేదు" అన్నాడు. తిట్టుకోడానికి కూడా ఆయన దొరకలేదు, ఎందుకంటే అది నిజం. ఆమెను మా కంటి ఎదుట ఉండే గదిలోకి మార్చాం. కట్టు మీద ఇంకో కట్టు వేశాను. ఎంత కాపలా కాసినా స్నానానికి వెళ్లక తప్పదు, వెళ్లొచ్చాక కట్టు తడిసి ఉండేది.

ఇక లాభం లేదని, డ్యూటీ దిగి, ఉప్పల్లో బస్సు మారకుండా ముసలామె దగ్గరికే పోయాను. ఖైదీల ఇంటివాళ్లతో మేం మాట్లాడకూడదు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. పిల్ల నీళ్లు పట్టుకురావడానికి లేచేదాకా ఆగి చెప్పాను. "ఒక్కసారి జైలుకు తీసుకొచ్చి చూపించండి పెద్దమ్మా. లేకపోతే ఆ అమ్మాయి కాలు దక్కదు."

ముసలామె విసనకర్ర ఆపలేదు. "ఎందుకు జైల్లున్నదో ఎరికేనా నీకు?"

తెలియదన్నాను. ఆమె కూడా చెప్పకపోతే బాగుండుననిపించింది.

"నా కొడుకును సంపింది. తాగొచ్చి కొట్టేటోడు. నేను అడ్డం పోతుంటి. ఆ దినం నేను ఇంట్ల లేను, దాని చేతికి రోకలి దొరికింది." కంకిని బొగ్గుల మీద అటు తిప్పింది. "జైలని జెప్తే ఎందుకని అడుగుతది పిల్ల. నేనేం జెప్పాలె? మీ నాయినను మీ అమ్మనే సంపిందని నా నోటితోని జెప్పాల్నా? నాయిన రోగమొచ్చి పోయిండు, అమ్మ దవాఖానల ఉన్నది. గంతే జెప్పిన. అసలు సంగతి జెప్తే దానికి ఇద్దరు పోతరు బిడ్డా."

పిల్ల సీసా నింపుకుని వచ్చేసింది. ముసలామె నాకొక కంకి ఆకులో పెట్టి ఇచ్చి, "పో బిడ్డా, నీ బస్సొచ్చింది" అంది. నా బస్సు రాలేదు. కొడుకును చంపిన కోడలికి పిల్లను తీసుకెళ్లి చూపిస్తున్న మనిషిని, ఇంకా కొంచెం చెయ్యమని ఏ ముఖంతో అడుగుతాను?

మర్నాడు ఆమె కాలు ఒళ్లో పెట్టుకుని కట్టు కట్టాను. ఎవరి కేసూ అడగనన్న పద్ధతి పోయింది గానీ, భయపడినట్టు నా చెయ్యి మారలేదు. మారింది ఒకటే. పుండు కొంచెం శుభ్రపడినట్టు కనిపిస్తే సంతోషం రావడం మానేసింది. అది లేకుండా నర్సు పని చేయడం ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోను? ఇంట్లో మా ఆయన మీద అరిచేదాన్ని. వంటింట్లో గిన్నెల మీద విసుక్కునేదాన్ని.

వేలు నల్లబడింది. ఆ నలుపు పాకింది. ఈసారి పెద్దాసుపత్రి వాళ్లు ఉంచేసుకున్నారు. సగం పాదం తీసేశారని కబురొచ్చింది.

నా సెలవు రోజు వెళ్లాను. ఆడవాళ్ల వార్డు గుమ్మంలో అక్కడి సిస్టర్ కనిపించి, జైలు నుంచి వచ్చానని తెలిసి, "కుట్లు చాలా బాగా మానుతున్నాయి సిస్టర్, రేపు పొద్దున్నే పంపించేస్తున్నాం" అంది. ఇదివరకైతే ఆ మాటకు ఎంత పొంగిపోయేదాన్నో.

లోపల కానిస్టేబుల్ స్టూలు మీద ఫోను చూసుకుంటోంది. ముసలామె కిటికీ వైపు తిరిగి, కోడలి ముఖం చూడకుండా బత్తాయి వలుస్తోంది. మంచం మీద తల్లి ఒళ్లో తల పెట్టుకుని పిల్ల పడుకుంది, తల్లి పేలు చూస్తోంది. కుడివైపు దుప్పటి కట్టు మీద ముద్దగా లేచి ఉంది. ఆ ముఖంలో అంత సంతోషం జైల్లో ఎన్నడూ చూడలేదు నేను. "రోజూ వస్తున్నది మేడమ్" అంది నన్ను చూడగానే. పిల్ల వీపు తట్టి, "గీ మేడమే నన్ను మంచిగ సూసుకునేది" అని చెప్పింది.

పిల్ల లేచి కూర్చుని నన్ను ఎగాదిగా చూసింది. "మా అమ్మకు ఎప్పుడు తక్కువైతది?" అంది.

తల్లి చేతులు ఆగిపోయాయి. ముసలామె బత్తాయి పట్టుకుని ఇటు తిరిగింది. ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాను, తగ్గిపోతుందమ్మా అని. అది చెప్పడానికి నోరు రాలేదు.

"ఇప్పట్లో తగ్గదమ్మా" అన్నాను.

"గట్లయితే రేపు గూడ వస్త" అని పిల్ల మళ్లీ తల్లి ఒళ్లో వాలిపోయింది.

పొద్దున్నే పంపించేస్తున్నారని ఆమెకూ చెప్పి ఉంటారు. నాకేసి చూడలేదు. పిల్ల జుట్టులో వేళ్లు కదుపుతూనే, దుప్పటి కింద నుంచి ఎడమకాలు మెల్లగా బయటికి తీసి, ఆ బాగున్న కాలికేసి చూస్తూ కూర్చుంది.