జ్ఞానప్రకాశం ఎంచుకున్న లావు పుస్తకం

బిట్రగుంట రైలు షెడ్డులో ఫిట్టరు జ్ఞానప్రకాశానికి దేవుడిమీద ఎంత నమ్మకమో, లావుపాటి పుస్తకాలమీదా అంతే. మొదటి నమ్మకానికి ఎవరూ వంక పెట్టలేరు. రెండోది మాత్రం ఆయన్ని నిలువునా ముంచింది.

ఆయనకు గిటారు ప్రాణం. ఆదివారం చర్చిలో వాయిస్తే డోలక్ మోతలో, బోగోలు నుంచి వచ్చే ఆడవాళ్ళ గొంతుల్లో అది ఎవరికీ వినపడేది కాదు. "మీ వేళ్ళు ఆడుతుండాయి గానీ పలుకు రావడం లేదే" అని పెళ్ళాం నవోమియే అందరిముందూ నవ్వేది.

1960లో ఆంగ్లో ఇండియన్ డ్రైవరు దొర ఒకాయన రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో తన గిటారుకు మోత పెంచే డబ్బా ఒకటి తగిలించి వాయించాడు. తీగ మీటితే స్వరం హాలంతా నిండి, సన్నగా వణుకుతూ సాగింది. జ్ఞానప్రకాశానికి ఒళ్ళు జలదరించింది. అలాంటి డబ్బా ఒకటి చేసి చర్చిలో వాయించాలి, అంతే.

మరుసటి నెల దొర కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ అక్కర్లేని సామాన్లు వరండాలో పెట్టింది. తెలిసినవాళ్ళు తలా ఒకటి తీసుకోవాలని దొరసాని మాట. చివరికి రెండు ఇంగ్లీషు పుస్తకాలు, ఇద్దరు మనుషులు మిగిలారు: జ్ఞానప్రకాశం, దొర ఇంటి వంటవాడు చిన్నపోలయ్య. "ఈ రెండూ చదివే ఆ డబ్బా చేశాను" అన్నాడు దొర, పెట్టెకు తాడు కడుతూ.

ఒకటి లావు, కాన్వాసు అట్ట. రెండోది సన్నం. సన్నదాన్ని తెరిస్తే బ్యాటరీలు, బల్బుల బొమ్మలు. జ్ఞానప్రకాశం పెదవి విరిచాడు. లావుదాన్ని చేతిలోకి తీసుకుని, కొత్త సంవత్సరంనాడు ఆ ఏడాదికి దేవుడిచ్చే వాగ్దానవాక్యం కోసం బైబిలు తెరిచినట్టే, కళ్ళు మూసి ప్రార్థన చేసి, తెరిచి వేలు పెట్టాడు. వేలు సరిగ్గా లౌడ్‌స్పీకరు బొమ్మమీద పడింది. ఇంకేం కావాలి!

"అన్నా, ఇది గూడా నువ్వే తీసుకో. నాకు అచ్చరమ్ముక్క రాదు గదా" అన్నాడు చిన్నపోలయ్య.

"పిల్లకాయల పుస్తకం నాకెందుకురా? అందులో ఉండేదంతా ఇందులో ఉండదా?"

దొర వెళ్ళాక చిన్నపోలయ్య స్టేషను దగ్గర టీ కొట్టు పెట్టుకున్నాడు. డ్యూటీ దిగగానే జ్ఞానప్రకాశం అక్కడి మూలబల్లమీద లావు పుస్తకం, నిఘంటువు పరిచి తీగల బొమ్మలు గీసుకునేవాడు. చదవడం ఎక్కడ మొదలుపెట్టాడనుకున్నారు? వేలు పడ్డ పేజీ దగ్గర! దేవుడు చూపించిన చోటు వదిలి వెనక్కి వెళ్తే ఆయన్ని అనుమానించినట్టవుతుందట. ఆరేళ్ళు అదే పని. ఒక్కో వాక్యానికి ఒక్కో సాయంత్రం. రేడియో వాల్వులు కాలిపోయాయి, రెండుసార్లు షాకు కొట్టింది, డబ్బా గుర్రుమందే తప్ప పలకలేదు. తనకే బుర్ర లేదనుకున్నాడు పిచ్చిమారాజు.

చివరికి పాస్టరు పరంజ్యోతిగారు తేల్చేశారు. "ఈ క్రిస్మస్‌కి గూడా నీ డబ్బా పలక్కపోతే హార్మోనియం తెప్పిస్తాం నాయనా. గిటారు ఇంక చాలించు."

ఆ నవంబరులో సిగ్నల్ ఇన్‌స్పెక్టరు పద్మనాభయ్యగారు టీకి వచ్చి, బల్లమీది పుస్తకాన్ని మొదటినుంచి తిరగేశారు.

"ఇది రెండో భాగమయ్యా. మొదటిది చేత్తో చేసి నేర్చుకోనివాళ్ళు దీని జోలికి రావొద్దని ముందుమాటలోనే రాసినాడే. చూళ్ళేదా?"

జ్ఞానప్రకాశం ఆ ముందుమాట మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. ఆపైన చిన్నపోలయ్యకేసి తిరిగాడు. "ఒరే పోలయ్యా, ఆ సన్న పుస్తకం ఏం చేసినావురా?"

చిన్నపోలయ్య ముఖం వెలిగింది. "యాడికీ పోలేదన్నా. నీ బల్లకిందే ఉండాది. నువ్వు గీతలు గీసుకునేటప్పుడు బల్ల ఊగతా ఉంటే కాలికింద పెట్టినా."

వంగి లాగితే అట్ట మాత్రం చేతికొచ్చింది. లోపల చెదలు తినగా సగం బల్బు బొమ్మ మిగిలింది. ఆరేళ్ళు అది తన మోకాలి దగ్గరే ఉంది. తిట్టడానికి ఎదురుగా ఉన్నది తన మేలు కోరినవాడే. జ్ఞానప్రకాశానికి ఏడుపొచ్చింది. టీ తాగేవాళ్ళందరి ముందూ ఏడ్చేశాడు.

క్రిస్మస్‌కి హార్మోనియం వచ్చింది. మర్నాడు జ్ఞానప్రకాశం లావు పుస్తకం తెచ్చి చిన్నపోలయ్య ముందు పడేశాడు.

"ఆ బల్ల మళ్ళీ ఊగుతుండాది గదా. దీన్ని పెట్టరా."

చిన్నపోలయ్య పెట్టి చూశాడు. బల్ల ఒకపక్క ఎత్తయి, గ్లాసులు జారాయి.

"లావైపోయిందన్నా" అన్నాడు, పుస్తకం తిరిగి చేతికిస్తూ.