అరుగుకు తొడిగిన టైల్స్

మహబూబాబాద్‌లో ఒక టైల్స్ దుకాణందారు పదహారు వేల ఎనిమిది వందలు చెప్పిన సరుకును, అతని ఖర్చు మీదే రెండు చాయలు తాగి, మూడుసార్లు మెట్లు దిగి వెళ్లిపోతున్నట్టు నటించి, సరిగ్గా సగానికి, ఎనిమిది వేల నాలుగు వందలకు పట్టుకొచ్చిన మనిషిని నేను. అంతటితో ఆగలేదు. ఆ తెల్లటి, అద్దంలాంటి టైల్స్‌ను కేసముద్రంలో మా తాత కట్టించిన ఇంటి ముందరి అరుగు మీద పరిపించి, ఊళ్లో ఎవరూ కూర్చోని ఒకే ఒక్క అరుగుగా దాన్ని మార్చిన ఘనత కూడా నాదే. మా వంశంలో ఇంత గొప్ప బేరం ఎవరూ ఆడలేదు, ఇంత పనికిరాని సరుకూ ఎవరూ కొనలేదు.

ఇప్పుడు ఆ టైల్స్ లేవు. అరుగు గోడకు వేసిన సున్నం ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆ తడి వాసన, కొంచెం ఘాటుగా, కొంచెం చల్లగా, తొలకరి మట్టి వాసనకు దూరపు చుట్టంలా ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు ఏడేళ్లు, చేతిలో ఈత కుంచె, జుట్టంతా తెల్లటి చుక్కలు.

మాది గాజులు అమ్మే ఇల్లు. దుకాణమంటూ వేరే ఏమీ లేదు, అరుగే దుకాణం. దర్వాజాకు రెండు పక్కలా నడుమెత్తు గద్దెలు, వాటి మీద నల్లరాతి బండలు, ముందు నాలుగు టేకు స్తంభాలు, పైన గూన పెంకల చూరు. ఆ బండల్ని ఎవరూ నునుపు పట్టలేదు, నలభై యాభై ఏళ్లు వచ్చి కూర్చున్న ఆడవాళ్ల చీరలే పట్టాయి. మధ్యలో చాప వేసుకుని మా దాదీ, అంటే నాయినమ్మ, కూర్చునేది. చుట్టూ తాడుకు గుచ్చిన గాజుల వరసలు, ఎర్రవి, ఆకుపచ్చవి, పసుపు చుక్కలవి. ఎవరు మెట్టెక్కినా "రా బిడ్డా, కూసో, కూసుంటె కొన్నట్టు గాదు" అనేది. కూర్చున్నవాళ్లు కొనకుండా లేచింది నేనైతే చూడలేదు.

దాదీ గాజు తొడిగే పద్ధతి చూడటానికే పక్క వాడల పిల్లలు వచ్చేవారు. వచ్చినామె చెయ్యి పట్టుకుని, పిండి ముద్దలా మెత్తబడేదాకా మెల్లగా పిసుకుతూ, అత్తగారు ఎట్లుందని, బర్రె ఈనిందా అని, చిన్నోడికి జరం తగ్గిందా అని అడుగుతూ ఉండేది. ఆమె జవాబు చెప్పేలోగా గాజు మణికట్టుకు చేరేది. మా వ్యాపారంలో ఒక కట్టుబాటు ఉంది: తొడిగేటప్పుడు పగిలిన గాజు మా లెక్క, తొడిగాక పగిలింది మీ లెక్క. ఒక్కోసారి బొటనవేలు గట్టిపడ్డ చేతికి డజను తొడగాలంటే నాలుగు పగిలేవి, లాభం అక్కడే రాలిపోయేది. అయినా దాదీ మొహంలో గీత మారేది కాదు.

పత్తి, మిరప బండ్లు మార్కెట్‌కు వచ్చే కాలంలో మొగవాళ్లూ అరుగెక్కేవారు. సరుకు అమ్మి, చేతిలో పైసలు పడ్డాక, తువ్వాల కొసకు ముడేసి తెచ్చుకున్న ఇంటామె పాత గాజు తీసి "గీ సైజుకు రెండు డజన్లు అవ్వా" అని సిగ్గుపడుతూ అడిగేవారు. రంగు ఏది అంటే ఎవరికీ తెలిసేది కాదు. దాదీ ఆ పాత గాజును చూసి, "ఈమెకు ఆకుపచ్చ అయితె సంబురపడ్తది" అని తీసి పెట్టేది. తిరిగి మార్చుకోవడానికి ఒక్కరూ రాలేదు. ఈ మాట నేను గర్వంగానే చెబుతున్నాను.

ఇక పగిలిన ముక్కలన్నీ నావి, తమ్ముడు యాకూబ్‌వి. గాజు పెంకులతో ఆడుకునే ఊళ్లో గాజుల ఇంటి పిల్లలు ఎంత షావుకార్లో ఊహించుకోండి. దీపం మంట మీద ముక్కల కొసలు వంచి ఒకదానిలో ఒకటి తగిలించి గొలుసులు చేసేవాళ్లం. గీసిన గుండ్రంలో గుప్పెడు ముక్కలు చల్లి, పక్క ముక్క కదలకుండా ఒక్కొక్కటే వేలితో లాగే ఆటలో ఓడిపోయినా మాకు ఫికర్ లేదు, సరుకు మాదే. రెండు ఎర్ర ముక్కలకు ఒక సీతాఫలం, బంగారు గీత ఉన్న ముక్కకు కాల్చిన మక్కకంకి. బేరం నేర్చుకున్నది ఆ అరుగు కిందే. నీలం రంగు ముక్కలు అరుదని నేనే పుకారు పుట్టించి ధర పెంచేదాన్ని.

వానలు వెనకబట్టి, తంగేడు పూలు విచ్చి, బతుకమ్మ ఇంకా పది రోజులుందనగా అరుగుకు సింగారం మొదలయ్యేది. ఊళ్లో ఆడవాళ్లంతా కొత్త గాజులకు వచ్చేది అప్పుడే. "గిరాకి మొదలు అరుగును సూస్తది, ఎనకనే గాజును" అనేది దాదీ. మా అబ్బా, అంటే నాయిన, సున్నపు రాళ్లు తెచ్చి కుండలో నీళ్లు పోస్తే అవి కుతకుత ఉడికేవి, పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. చల్లారాక పల్చటి బట్టలో వడకట్టి, చిటికెడు నీలిమందు వేసి, రాత్రంతా నానబెట్టిన తుమ్మబంక నీళ్లు కలిపేవారు. ఆ బంక వేయడం మా ఇంటి కిటుకు. మామూలు సున్నానికి ఆనుకుంటే వీపంతా తెల్లగా అవుతుంది, చీర పాడైన ఆడది గాజుల దగ్గర బేరం తెగ్గోస్తుంది. మా గోడకు ఎంతసేపు ఆనుకున్నా అంటేది కాదు. గద్దెల అంచుకు జానెడు వెడల్పు ఎర్రమట్టి జాజు పట్టీ, స్తంభాలకు ఆముదం పట్టించి గుడ్డతో రుద్దుడు, ఆఖరున పక్కింటి లచ్చవ్వ వచ్చి జాజు మీద సున్నంతో ముగ్గులు పెట్టేది. తురకోళ్ల ఇంటికి ముగ్గేందని ఎవరో అడిగితే, "అరుగుకు గాజులు తొడుగుతున్న, నీకేంది" అన్నదట లచ్చవ్వ. ఆమెకు కూలి రెండు డజన్ల గాజులు. బతుకమ్మ ఆఖరున సద్దుల రోజు ఆమె సత్తుపిండి, మలీద ముద్దలు పళ్లెంలో పెట్టుకొచ్చేది, రంజాన్‌కు మా సేమియా గిన్నె గోడ దాటేది.

దాదీ పోయింది, అబ్బా పోయాడు, నేను మహబూబాబాద్‌లో గాజులు, రిబ్బన్ల దుకాణం పెట్టుకున్నాను. ఇల్లు నాకూ యాకూబ్‌కూ కలిపి వచ్చింది. చెరో సగంలో ఉంటాం, అరుగు మాత్రం ఇద్దరిదీ. చాలా ఏళ్లు దానికి కుంచె తగల్లేదు. సున్నం పెచ్చులు ఊడి, జాజు వెలిసి, స్తంభాలు బూడిద రంగుకు తిరిగాయి. ఈ వానాకాలం ఒకరోజు యాకూబ్ కొలిచే టేపు పట్టుకుని అరుగు మీద నిలబడి ఈ అక్కను పిలిచాడు.

"ఆపా, దీన్ని కొట్టేసి షట్టరేద్దాం. నెలకు మూడు వేల కిరాయి వస్తది. ఇప్పుడు దీని మీద ఎవలు కూసుంటుండ్రు?"

నిజమే, ఎవరూ కూర్చోవడం లేదు. అందుకని బేరం పెట్టాను. సద్దుల బతుకమ్మ దాకా గడువు. ఈలోగా నేను అరుగును బాగుచేస్తాను. పిలవకుండా ఎవరైనా వచ్చి కూర్చుంటే అరుగు ఉంటుంది, లేకుంటే షట్టర్‌కు సంతకం పెడతాను. వాడు నవ్వి సరే అన్నాడు. వాడూ అదే అరుగు మీద పెరిగినవాడు, బేరంలో ఎవరు మునుగుతారో తెలుసు.

టైల్స్ ఎంచుకోవడంలో నేను చేసిన తప్పు గాజుల ఇంట్లో పుట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ చేయరు. గాజు మంచిదో బీటలు వారిందో మేము గోటితో మీటి చెవితో తేల్చుకుంటాం. ఆ దుకాణంలో ఒక్కో టైల్‌నూ అట్లాగే వేలి కణుపుతో కొట్టి విన్నాను. అన్నీ ఖంగుమన్నాయి. చెవికి ఆనందం, కంటికి మెరుపు. చెయ్యి పెట్టి నిమరాలని, నీళ్లు పోసి చూడాలని తట్టలేదు. గాజు మీద ఎవరూ నడవరు కదా. తర్వాత మేస్త్రీ కొమురయ్య సామానుతో కలిపి పన్నెండు వేలు అడిగితే ఎనిమిది వేల ఏడు వందలకు గుత్త మాట్లాడాను. మా దాదీ దగ్గర వాళ్లమ్మ గాజులు తొడిగించుకునేది, ఆ చుట్టరికం కూడా వాడుకున్నాను. అతను నా మొహం కేసి ఒకసారి చూసి, సరే అక్కా అన్నాడు.

అరుగు ధగధగలాడింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు, చూసి ముందుకు పోయారు. మెట్టు కింద చెప్పులు విడిచి, కాళ్లకేసి చూసుకుని, మళ్లీ తొడుక్కుని వెళ్లినవాళ్లను నేనే ఇద్దరిని చూశాను. మధ్యాహ్నం ఎండకు కళ్లు తెరవలేని తెలుపు. లచ్చవ్వ, ఇప్పుడు నడుము వంగిన ముసలామె, గోడ మీది నుంచి చూసి అడిగింది, "గిది అరుగా అద్దమా బిడ్డా? మొకం సూస్కుంట కూసోవాల్నా?"

మర్నాడు వాన కురిసింది. నా పరువు కాపాడదామని పాపం ఆమే కూర్చోవడానికి వచ్చింది. మెట్టెక్కి రెండో అడుగు వేసిందో లేదో సర్రున జారి కూలబడింది. ఎముక విరగలేదు, అదృష్టం. లేపుతుంటే నడుము పట్టుకుని తిట్టింది: "నీ అరుగు సల్లగుండ! మీ దాదీ గాజు తొడిగితె చెయ్యి నొయ్యకపోయేది, నువ్వు అరుగేస్తె నా నడుమిరిగింది." యాకూబ్ జేబులోంచి టేపు సగం బయటికి కనబడుతోంది. సద్దులకు ఇంకా తొమ్మిది రోజులు.

కొమురయ్యను పిలిచాను. టైల్స్ పీకితే కింద బండలు సిమెంటు పట్టి నాశనమై ఉంటాయని నాకు రాత్రంతా నిద్ర లేదు. గడ్డపార కొన పెట్టి మొదటి టైల్ లేపగానే అది పెద్దగా పెనుగులాడకుండా ఊడొచ్చింది. కింద ఇసుక. ఇసుక ఊడ్చితే మా నల్ల బండ, చెమట పట్టిన మొహంలా మెరుస్తూ.

"సిమెంటు ఏది కొమురయ్యా?"

"నువ్విచ్చిన గుత్తకు సిమెంటు యాడికెల్లి వస్తదక్కా? ఇసుక పోసి పైన జర నీళ్ల సిమెంటు చల్లిన. ఎట్లయిన పీకిస్తవని తెల్సు."

మోసం చేశాడని అరవాలో, దండం పెట్టాలో తెలియలేదు. నా పిసినారితనమే తాత వేయించిన బండల్ని కాపాడింది. అంతలో అతను పగిలిన టైల్స్ కుప్ప చూపించి, "తొడిగెటప్పుడు ఒక్కటి పగలగొట్టలె. తొడిగినంక పగిలినయి మీ లెక్కనే కదా అక్కా, మీ దాదీ మాటనే" అన్నాడు. మా ఇంటి కట్టుబాటుతో నన్నే కట్టేశాడు. పీకిన కూలికి మూడు వేల ఐదు వందలు అడిగాడు, ఇచ్చాను.

తర్వాతి వారం నేను దుకాణం తెరవలేదు. సున్నం, నీలిమందు, తుమ్మబంక, జాజు. బంక కోసం ఊరంతా తిరిగాను, అమ్మేవాళ్లు లేరు, చివరికి చెరువు గట్టు మీది తుమ్మ చెట్లకు నేనే గీరి తెచ్చుకున్నాను. బంక పాళ్లు గుర్తులేక రెండుసార్లు చెడగొట్టాను. లచ్చవ్వ కుర్చీలో కూర్చుని, నడుముకు మందు రాయించుకుంటూ, "ఇంకింత పొయ్యి, చేతికి జిగటగావాలె" అని హుకుం చేసింది. స్తంభాలకు మూడు పూటలు ఆముదం పట్టిస్తే టేకు రంగు లోపలి నుంచి పైకి వచ్చింది. ముగ్గు కోసం ఆమె చెయ్యి వణుకుతుంటే మణికట్టు నేను పట్టుకున్నాను, గీత ఆమె గీసింది.

సద్దులకు ముందురోజు పొద్దున మార్కెట్‌కు వచ్చిన ట్రాక్టర్ ఒకటి మా ఇంటి ముందు ఆగింది. నలుగురు ఆడవాళ్లు దిగారు. మగవాళ్లు కాంటా పని చూసుకుని వచ్చేదాకా ఎక్కడ ఉండాలా అని అటూ ఇటూ చూసి, ఎవరినీ అడగకుండా మా అరుగెక్కి, గోడకు ఆనుకుని, కాళ్లు చాపి, సద్ది మూటలు విప్పారు. నేను కిటికీ వెనక నిలబడ్డాను. అందులో ఒకామె యాకూబ్‌ను చూసి, "అన్నా, జర మంచినీళ్లిస్తవా?" అంది. వాడు చెంబు తెచ్చాడు. మళ్లీ లోపలికి పోయి రెండో చెంబు తెచ్చాడు. ఆ నలుగురూ లేచి వెళ్లేటప్పుడు వీపుల కేసి చూశాను. ఒక్క చీరకూ సున్నం అంటలేదు. దాదీ ఉంటే ఈ ఒక్కదానికి తల ఊపేది.

ఆ ఆడవాళ్ల చేతులకు లోహపు గాజులు, ప్లాస్టిక్ గాజులు. చెయ్యి పిసికి గాజు తొడిగేవాళ్లు లేరు, తొడిగించుకునేవాళ్లూ లేరు, నా దుకాణంలోనే డబ్బాలకు డబ్బాలు సైజు అంకె చూసి కొనుక్కుపోతారు. తువ్వాల కొసకు పాత గాజు ముడేసుకుని వచ్చే మనిషి లేడు. గాజు పెంకులకు సీతాఫలం ఇచ్చే పిల్ల లేదు. అరుగు మాత్రం ఉంది. దాని లెక్క ఇది, దాచకుండా రాస్తున్నాను.

టైల్స్ ఎనిమిది వేల నాలుగు వందలు. తెచ్చిన ట్రాలీకి తొమ్మిది వందలు. పరిచిన గుత్త ఎనిమిది వేల ఏడు వందలు. పీకిన కూలి మూడు వేల ఐదు వందలు. లచ్చవ్వ నడుముకు మందు రెండు వందల నలభై. సున్నం, జాజు, నీలిమందు, ఆముదం పదమూడు వందల యాభై. పెంకలు సర్దిన, గోడ గీకిన కూలి నాలుగు వేలు. మొత్తం ఇరవై ఏడు వేల తొంభై. పగలని టైల్స్ అమ్మితే వచ్చిన ఆరు వందలు తీసేస్తే ఇరవై ఆరు వేల నాలుగు వందల తొంభై. ఇందులో అరుగుకు అయింది ఐదు వేల మూడు వందల యాభై. మందు డబ్బులతో సహా మిగతాదంతా నా తెలివికి అయిన ఖర్చు. రాని షట్టర్ కిరాయిలో తన సగం, నెలకు పదిహేను వందలు, నేను కట్టాలన్నాడు యాకూబ్. బేరం ఆడకుండా మొదటి నెలది అక్కడే ఇచ్చేశాను.