గైడు వద్దన్న కండక్టరు

2023లో జరిగిన ముచ్చట. మదనపల్లె బస్టాండు పక్కన మా పుస్తకాల అంగడి. మా వ్యాపారంలో కడుపు నింపేవి టెక్స్టు పుస్తకాలు కావు, గైడ్లు. ప్రశ్నలు, జవాబులు, కథా సారాంశం అన్నీ వండి వడ్డించి ఉంటాయి. ఇంగ్లీషులో ‘నాన్‌-డీటైల్డ్’ అని ఒకటుంటుంది. క్లాసులో వరుసగా చెప్పరు, ఎవరికి వారే చదువుకోవాల్సిన కథ. అంటే ఎవరూ చదవని పుస్తకమన్నమాట! దాన్ని పై అరలో పెట్టేదాన్ని.

ఆ ఏడు మునెప్ప వచ్చాడు. పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సులో కండక్టరు. దూరవిద్యలో డిగ్రీ కడితే అన్నీ పాసై, ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది.

“నిలబడి నిలబడి మోకాళ్లు పోతాండాయమ్మా. ఈ పేపరు గట్టెక్కితే ఆఫీసులో కూర్చునే పని అడుక్కోవచ్చు. గైడొకటి ఈమ్మా.”

“సిలబస్ మారిందన్నా, కొత్త గైడు ఇంకా రాలేదు. టెక్స్టుండాది, సదువుకో.”

“పుస్తకమంతానా! యాల, నా మీద నీకేమన్నా కోపమా?”

పై అరలోని నాన్‌-డీటైల్డ్ దించి ఇస్తే, ఆముదం తాగిన మొహం పెట్టి తీసుకుపోయాడు.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“అమ్మా, దీంట్లో ఉండేది నా మాదిరి మనిషే! ఏటి మీద పడవలో టికెట్లు కొట్టే ముసలాయన. చిల్లర కాడ తిట్లు తినేది గూడా రాసినారు సూడు! ఇప్పుడు ఆడ వంతెన కడతాండారు. పడవ నిలిచిపోతే ఆయప్ప గతేంగావాల?”

కుప్పంలో బస్సు ఆగినంతసేపూ చదువుతాడట. తెలియని మాటలు బస్సెక్కిన కాలేజీ పిల్లల్ని అడుగుతాడట. తిరిగొచ్చేటప్పుడు చదివినంతవరకూ ప్యాసింజర్లకు కథ చెప్తాడట. పుంగనూరు నుంచి పూలు తెచ్చే గంగులమ్మ నన్నే నిలదీసింది. “ఆ పడవ ముసలాయన ఏమైనాడు పాపా? మునెప్ప ఊరిస్తాండాడు.” నాకేం తెలుసు? అమ్మడమే గానీ చదివిందెప్పుడు?

పరీక్షకు వారం ముందు గైడ్లు దిగాయి. మొదటి కాపీ మునెప్ప కోసం దాచిపెట్టాను. ఆయన ఆత్రంగా తెరిచాడు, సారాంశం కనబడగానే టక్కున మూసేశాడు.

“వద్దులేమ్మా. కథ చివర ఏమయ్యేదీ దీంట్లో చెప్పేసినారు. నేనింకా ఆడికి పోలేదు.”

నాకు ఒళ్లు మండింది. “నీ మోకాళ్లు ఏమైనా ఫర్వాలేదా అన్నా? ఇదొక్కటి పోయిందంటే మళ్లీ ఏడాది నిలబడాల!”

“నిలబడతాలే,” అని నవ్వుతూ పోయాడు. ఆయన పేపరు రాసిన రోజంతా నేను చిల్లర లెక్క తప్పుతూనే ఉన్నాను.

పాసయ్యాడు! డిపో ఆఫీసులో కుర్చీ కూడా దొరికింది. మిఠాయి పొట్లంతో వచ్చి, ఆ కుర్చీ సంగతి రెండు మాటల్లో తేల్చేసి పై అర వంక చూశాడు.

“ఇంగొక నాన్‌-డీటైల్డ్ ఈమ్మా. పరీక్ష లేనిది.”

నా సంతోషం చెప్పనలవి కాదు. వెతుకుతూనే అడిగాను. “అవునన్నా, చివరికి ఆ ముసలాయన ఏమైనాడు?”

“టెక్స్టుండాది గదమ్మా, సదువుకో.”

దెబ్బకు దెబ్బ! ఆ సాయంత్రమే గిరాకీ మధ్యలో మొదలుపెట్టాను, అంగడి కట్టేవేళ దాటినా లేవలేకపోయాను. ఇన్నాళ్లూ నా నెత్తి మీదే ఉన్న పుస్తకం అంత బాగుంటుందని కలలో కూడా అనుకోలేదు. గైడ్లు ఇప్పటికీ అమ్ముతాను, బతకాలి కదా. నాన్‌-డీటైల్డ్ పుస్తకాలను మాత్రం చేతికందే అరకు దించేశాను. ముసలాయన ఏమయ్యాడని ఎవరైనా అడిగితే, నేనూ చెప్పను.