కాదనలేక రాజీనామా

2023 ఎండాకాలం. హైదరాబాద్ పంజాగుట్టలో ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక కంపెనీలో, నేను సపోర్ట్ టీమ్‌కు మేనేజర్‌గా చేరి నెలన్నర అయింది. ల్యాబ్ రిపోర్టు రాకపోయినా, బిల్లు తేలకపోయినా ఆస్పత్రుల వాళ్లు ఫోన్ చేసేది మా టీమ్‌కే. రెండు వారాలకోసారి ఒక్కొక్కరితో అరగంట విడిగా కూర్చుని మాట్లాడతాను. దీన్నే వన్-టు-వన్ అంటారు. పని లెక్కలు అడగడానికి కాదు, మనిషి ఎలా ఉన్నాడో తెలుసుకోవడానికి. వినడానికి బాగానే ఉంటుంది. మా ఆఫీసులో మాత్రం అద్దాల గదిలోకి ఎవరిని పిలిచినా, బయటివాళ్లు మెడలు చాచి చూసి "అయిపోయిండు" అనుకునేవారు.

మహేందర్ మా టీమ్‌లో అందరికంటే పనిమంతుడు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేశాడు. సనత్‌నగర్ నుంచి వస్తాడు, ఇంట్లో సంపాదించేది అతనొక్కడే. నేను రాకముందే డైరెక్టర్ గారు అతన్ని టీమ్ లీడ్ చేశారు. అప్పటినుంచే మనిషి డీలా పడ్డాడని అందరూ చెప్పారు. సెలవులు, ఆలస్యాలు. వేరే కంపెనీ చూసుకుంటున్నాడని హెచ్‌ఆర్ వాళ్ల అనుమానం. నేనేం అడిగినా "అంతా ఓకే మేడం" అనేవాడు. ఆ ఓకే వింటే నాకు ఒళ్లు మండేది.

మూడోసారి అద్దాల గది మానేసి కింద ఛాయ్ బండి దగ్గరికి తీసుకెళ్లాను. "ఆఫీసు అనగానే ఏ పని గుర్తొచ్చి రావాలనిపించట్లేదు?" అని అడిగి నోరు మూసుకున్నాను. నాలాంటి వసపిట్టకు అదేం చిన్న శిక్ష కాదు. చేతిలో ఛాయ్ మీగడ కట్టింది.

"సోమారం పేపర్లు పెడ్త మేడం," అన్నాడు చివరికి.

పేపర్లంటే రాజీనామా. "వేరే చోట వచ్చిందా?"

"యాడ రాలే."

"మరేంటి మహేందర్?"

"లీడ్ అంటే అప్రైజల్ల మార్కులు నేనే ఎయ్యాలె కదా. మన టీమ్ల రమేశ్, నేను ఒక్క హాస్టల్ రూంల ఉండి చదివినం. ఆనికి తక్కువ ఎట్ల ఎయ్యాలె? ఎక్కువేస్తే మిగిలినోళ్లు ఊకుంటరా?"

అప్రైజల్ అంటే ఏడాది పని చూసి మార్కులు వేయడం. జీతం పెరగడం, పెరగకపోవడం దాన్నిబట్టే.

"ఆ మాట డైరెక్టర్ గారికి చెప్పొచ్చుగా?"

"సారు మస్తు నమ్మి ఇచ్చిండు. వద్దంటే ఏమనుకుంటడు?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెద్దాయన మనసు నొప్పించలేక ఉద్యోగమే వదులుకుంటున్నాడు! నాలుక చివరిదాకా వచ్చిన సలహాను మింగేసి, లీడ్ పనిలో నచ్చింది ఏమైనా ఉందా అని అడిగాను.

"కొత్తోళ్లకు నేర్పుడు ఇష్టమే," అన్నాడు. మొహం కాస్త విచ్చుకుంది.

"అయితే నేర్పడం నువ్వు చూసుకో. మార్కులు నేను వేస్తాను. డైరెక్టర్ గారితో నన్ను మాట్లాడమంటావా?"

"మీరు జర పక్కన ఉండుండ్రి. నేనే చెప్త."

చెప్పాడు, తడబడుతూనే. డైరెక్టర్ గారు విని, "ఇంతేనా? నిన్నెవరో లాక్కుపోతున్నారని నాకు నిద్ర పట్టట్లేదయ్యా!" అన్నారు. గది బయటికొచ్చి ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం. ఆ సాయంత్రం మెట్రోలో నిలబడే వెళ్లినా ప్రాణం హాయిగా ఉంది.

అప్పటినుంచి ఎవరైనా అన్నిటికీ సరే అంటుంటే నేను నిశ్చింతగా ఉండను. నా ముందు కాదనే చనువు ఆ మనిషికి ఇంకా రాలేదని అర్థం చేసుకుంటాను. పోయిన నెల మహేందర్‌ను ఒక ఆదివారం డ్యూటీకి రమ్మన్నాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "గా ఆదివారం నాతోని కాదు మేడం," అన్నాడు.

ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ డ్యూటీ నేనే చేశాను.