ఆ పొద్దు నేను ఊళ్లో లేను

మా ఊళ్లో కొడవళ్లు లేచిన పొద్దున నేను ధర్మవరంలో మగ్గం గుంతలో కూర్చుని పట్టుచీర అంచు నేస్తున్నాను. ఈ ఒక్క నిజం చెప్పుకోవడానికి నేను పడిన దెబ్బలు చంపినవాళ్లు కూడా పడలేదు.

మాది రొద్దం పక్క పల్లె. తొంభైల్లో అక్కడ ఒక మనిషిని నరికితే, నరికింది ముగ్గురైనా సరే, ఆ వర్గంలో మీసం వచ్చిన ప్రతి మగవాడి పేరూ ఫిర్యాదులో చెప్పించేవారు. మగవాళ్లంతా జైలుకో పరారీకో పోతే చేలు ఎండిపోతాయి, అవతలివాళ్ల కడుపు చల్లబడుతుంది. మేమేం తక్కువ తినలేదు, అంతకుముందు మావాళ్లూ అదే పని చేశారు. ఈసారి చంపింది మా చిన్నాయన కొడుకు, వాడి మనుషులు. బోరు దగ్గర మడికి నీళ్లు కడుతున్న అవతలి వర్గం మనిషిని వెనకనుంచి మెడ మీద నరికారు. పడ్డాక కూడా ఆపలేదు. మడి నీళ్లు ఎర్రబడ్డాయట. ఆయన భార్య సద్ది తెస్తూ గట్టు మీద నుంచి అంతా చూసింది. ఆమె ఇచ్చిన ఫిర్యాదులో నా పేరూ ఉంది.

పోలీసులు నన్ను జుట్టు పట్టుకుని మగ్గం గుంతలోంచి లాగారు. సగం నేసిన చీర మీద బూటుకాళ్లు పడ్డాయి. అరికాళ్ల మీద కొట్టారు. లేనని చెప్పేకొద్దీ ఇంకా కొట్టారు. ఆడ లేనివాడు కొడవలి యాడ దాచానని చెబుతాడు? కోర్టులో నిలబెడితే గోడ పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత హిందూపురం జైలు. నాయన మాట్లాడి పెట్టిన పెనుకొండ వకీలు అక్కడికే వచ్చి, నా ముందున్న దారులు చెప్పాడు. బెయిలు వచ్చాక పారిపోవద్దు, షరతు తప్పద్దు, సాక్షుల జోలికి పోవద్దు. ఛార్జిషీటు ఇంకా పడలేదు కాబట్టి ఆ పొద్దు ధర్మవరంలో ఉన్నానని డీఎస్పీకి అర్జీ పెట్టుకోవచ్చు. విచారించి నిజమని తేలితే పేరు తీసేయొచ్చు. తీయకపోతే కేసు నడిచేటప్పుడు మగ్గం యజమానిని నా తరఫు సాక్షిగా పిలవొచ్చు. నా దారి మాత్రం మావాళ్ల దారి నుంచి వేరుపడాలన్నాడు. ఆ చివరి మాట ఎంత బరువో నాకప్పుడు తెలియలేదు.

గడువులోగా ఛార్జిషీటు పడక అందరికీ బెయిలు దొరికింది. ఇంటికొచ్చి అర్జీ సంగతి చెప్పాను. మావాళ్ల కట్టు వేరే ఉంది. మేమెవరమూ అక్కడ లేము, పగతో రాయించారు అని అందరూ ఒకే మాట మీద నిలబడాలి. చిన్నాయన కొడుకు మొదట బతిమాలాడు. నేను వినకపోయేసరికి మనుషులను వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు.

"నువ్వొక్కడే లేవంటే, మేమంతా ఉన్నట్టే కదరా," అన్నాడు.

"నేను లేను కాబట్టి లేనంటాండా," అన్నాను.

నన్ను కింద పడేసి కుడిచేతిని రోటి అంచు మీద పెట్టి తొక్కిపట్టారు. వాడు రోకలి ఎత్తాడు. ఎముకలు పగిలిన చప్పుడు నేనే విన్నాను. అడ్డం వచ్చిన మా అవ్వను తోసేస్తే గడప తగిలి ఆమె నుదురు చీలింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, నాకు సామెత కాదు, నిజం రోకలే పడింది. వాడి చేతులు పడిపోను! ఇప్పటికీ తలుచుకుంటే నాకు రక్తం మరుగుతుంది.

కట్టు కట్టించుకుని నేరుగా పెనుకొండ పోయాను. పోయిన చెయ్యి ఎట్లాగూ పోయింది, ఇంక భయమెందుకు? పదో తరగతి చదివినవాణ్ణి, అర్జీ కింద ఎడమచేతి వేలిముద్ర వేశాను. వకీలు నా చెయ్యి చూసి, దీనికి వేరే కేసు పెడదామన్నాడు. ముందు నన్ను ఆ హత్యలోంచి బయటికి లాగు సార్ అన్నాను.

మగ్గం యజమానిని పోలీసులు అడిగితే ఉన్నమాట చెప్పాడు. పని ఇచ్చేవాడు నీవైపే చెబుతాడనుకుంటారు, అదొక్కటే చాలదని వకీలు ముందే అన్నాడు. అయినా ఛార్జిషీటు పడ్డప్పుడు అందులో నా పేరు లేదు. ఎట్లా పోయిందో వకీలు చెబితే నేను నమ్మలేదు. పోలీసులు చనిపోయినాయన భార్యను మళ్లీ అడిగారట. ఆ పొద్దు నన్ను చూడలేదనీ, తమ పెద్దమనుషులు చెప్పమంటేనే నా పేరు చెప్పాననీ ఆమె అందట. తనవాళ్లంతా కళ్లెర్రజేసినా ఆ మాట మార్చలేదట.

నేను మళ్లీ మగ్గం గుంతలో దిగలేదు. తెగిన పట్టుపోగు ముడెయ్యాలంటే వేళ్లు వంగాలి, నావి వంగవు. హిందూపురంలో ఒక గోడౌనుకు కాపలా ఉంటూ బతికాను.

చాలా ఏళ్లకు పెనుకొండ బస్టాండులో చనిపోయినాయన భార్య ఎదురుపడింది. నన్ను గుర్తుపట్టింది. నా కుడిచేతి వైపు చాలాసేపు చూసింది.

"మావాళ్లు కొట్టినారా అప్పా?" అంది.

"లేదక్కా. మావాళ్లే."

ఆమె మొగుణ్ణి నరికిన ఇంటివాణ్ణి నేను. ఆమె నా వంకర వేళ్లను తన చేతుల్లోకి తీసుకుంటే, బస్టాండులో అందరి ముందూ ఏడ్చేశాను.