మేష్టారింటి కేరేజీ

అనకాపల్లిలో ఇళ్ల బ్రోకర్ని. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా సామాన్లు కదపొద్దని అమ్మేవాళ్లకి చెప్తాను. ఎవరూ వినరు. ఒక మేష్టారు, మూఢం వచ్చేస్తే మంచిరోజులుండవని ముందే అద్దింట్లో పాలు పొంగించి, సామాన్లు చేర్చేసేరు. ఈలోగా కొనేవాడి లోను ఆగింది. ఇల్లు ఖాళీ అని తెలిస్తే బేరం తగ్గిస్తాడని, పాతింట్లోనే ఉండమన్నాను. పాలు పొంగించేక పాతింట్లో పొయ్యి వెలిగించకూడదని మేష్టారి భార్య అంది. దాంతో అద్దింట్లో వండి, కేరేజీలో పాతింటికి మోసుకునేవారు.

మూఢం మధ్యలో రిజిస్ట్రేషన్ అయింది. గుమ్మంలో తాళాలివ్వబోతే కొన్నాయన చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు.

"మూఢంలో మేం చేరకూడదండి. ఇల్లు చీకటిగా వదలకూడదు. అందాకా మీరే ఉండి దీపం పెట్టండి."

"సామాన్లు కదపొద్దని ముందే చెప్పేను కదండీ," అన్నాను మేష్టారితో.

మేష్టారి భార్య కేరేజీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

మూఢం వెళ్లేదాకా నేనే మోసేను.