ఆ కథలో అన్న నేను కాను

అరవై ఏళ్ళకు పైగా ఒక అబద్ధం మోస్తున్నాను. దించుకోవడానికి మీ సాయం అడగడం లేదు. వినేవాళ్ళు ఒకరుంటే చాలు. నా పేరు చెప్పను. చెప్తే మా తాలూకాలో చాలామంది ‘మా మేష్ట్రు అట్లాంటివాడు కాదు’ అని నన్ను వెనకేసుకొస్తారు. ఆ పని ఇక ఎవరూ చేయకూడదు.

కర్ణాటకలో చింతామణి చుట్టుపక్కల బడుల్లో పనిచేసి రిటైరయ్యాను. పిల్లల కథలు రాశాను. బడిలో కన్నడంలో చెప్పేవాణ్ణి, ఇంటికొచ్చి తెలుగులో రాసుకునేవాణ్ణి. వాటిలో ఒకటి బాగా తిరిగింది. గుడి దీపానికి కాపలా కూర్చున్న చెల్లెలు నిద్రపోతుంది. దీపం ఆరిపోతుంది. ఊరివాళ్ళు నిలదీస్తే అన్న ముందుకొచ్చి, ఆర్పింది తానేనంటాడు. శిక్షగా ఒక్కడే కొండెక్కి, దేవుడి మీద భారం వేసి, నిప్పు తెస్తాడు. టీచర్లు ఈ కథ చెప్పి బోర్డు మీద ప్రేమ, ధైర్యం, నమ్మకం అని రాయిస్తారు. పిల్లలు నన్ను పట్టుకుని ఆ అన్న నువ్వేనా తాతా అని అడుగుతారు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ నవ్వు కూడా అబద్ధమే.

జరిగింది వేరు.

మాది జంగమకోటె వైపు ఒక పల్లె. ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళం. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. చెల్లెలు రత్నమ్మకు తొమ్మిది. పురుగులు నాలుగో జ్వరం దాటాయి. పొర విడిచే ముందు అవి మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉంటాయి. మా వైపు దాన్నే జ్వరం అంటారు. నాలుగోది దాటిందంటే ఇక తినడం, గూడు కట్టడమే. ఇంటిల్లిపాదీ మల్బరీ ఆకు కోయడంలోనే ఉంటారు.

ఆ వారం పక్క పొలంలో ఉర్లగడ్డ పంటకు పురుగుమందు కొట్టారు. మా తోటలో గట్టు పక్క సాళ్ళ మీద ఆ మందు పడుంటుంది, ముట్టొద్దు, బావి దగ్గర మడిలో ఆకు కోసుకురమ్మని నాయన నాకు చెప్పాడు. బావి మడి దూరం. సాయంత్రం జంగమకోటెలో టెంటు సినిమా. నేను గట్టు పక్కే కోశాను. గంప రత్నమ్మకిచ్చి, నువ్వు మేత వెయ్యి అన్నాను. ఆమె తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుని పురుగుల గదిలోకి పోయింది. అది చూసి నేను సినిమాకు పరిగెత్తాను.

తెల్లారేసరికి తట్టల నిండా చచ్చిన పురుగులు. బతికున్నవి తల ఊపుతూ పచ్చటి నీళ్ళు కక్కుతున్నాయి. అమ్మ గడపలో కూలబడింది.

ముందు రోజు మా వీధిలో ఒక ముసలాయన పోయాడు. పిల్లలందరం పోయి చూసొచ్చాం. చావింటికి పోయొచ్చి కాళ్ళు కడగకుండా ఆ గదిలో అడుగుపెడితే పురుగులు పోతాయని మావాళ్ళ నమ్మకం. నాయన మందు సంగతి అడగలేదు. నేను తన మాట వినే కొడుకునని ఆయన ధీమా.

“లోపలికి ఎవరు పొయినారు?” అన్నాడు.

“నేనే నాయనా. కాళ్ళు కడుక్కునే పొయినాను. అన్న చూసినాడు,” అంది రత్నమ్మ.

నాయన నా వైపు తిరిగాడు. “చూసినావారా?”

“కడుక్కోలేదు నాయనా. అట్లే పొయింది.”

రత్నమ్మ ఏడవలేదు. నా మొహంలోకి చూసి, మెల్లగా, “కడుక్కోలేదా అన్నా?” అంది. తనకేం జరిగిందో నన్ను అడిగింది. తన కాళ్ళ మీది తడి కన్నా నా మాటే ఆమెకు గట్టిది. నేను లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

ఎందుకు? దెబ్బలకు భయపడా? నాయన దెబ్బ రెండు రోజుల్లో మానుతుంది, ఆ సంగతి నాకు తెలుసు. మంచి కొడుకునన్న పేరు పోతుందనా? అదే అయ్యుంటుంది. ఆ పేరు రుచి అప్పటికే మరిగాను.

చిన్నపిల్లాడివి గదా అని మీరు అనబోతున్నారు. అనొద్దు. నేను బతుకంతా ఆ వయసు పిల్లలకే పాఠం చెప్పాను. వాళ్ళకు అన్నీ తెలుసు. సరే, ఆ రోజు పిల్లాణ్ణి. ఇరవై ఏళ్ళప్పుడు? నలభైలో? అన్న చెల్లెలి తప్పు నెత్తినేసుకునే కథ రాసి చప్పట్లు కొట్టించుకున్నప్పుడు? రోజూ డైరీ రాసే మనిషిని నేను. పడిన వానా, వచ్చిన చుట్టమూ, చెప్పిన పాఠమూ అన్నీ రాస్తాను. ఇది మాత్రం ఎన్నడూ రాయలేదు. అది మరుపు కాదు, నేను పడ్డ జాగ్రత్త.

రత్నమ్మను ఆ తరువాత పురుగుల గదిలోకి రానివ్వలేదు. జంగమకోటెలో పట్టు పెంచే ఇంటికే కోడలుగా పోయింది. ఎవరూ అడగకముందే, నా చేయి పురుగులకు పడదు అని అత్తకు తనే చెప్పుకుంది. ఎండలో ఆకు కోసింది, గంపలు మోసింది, తలుపు దగ్గర దించి వెనక్కి తిరిగింది. బతుకంతా అంతే.

పోయిన నెల ఆమె మనవడు కొత్త షెడ్డు కట్టాడు. మొదటి మేత అవ్వ చేత వేయించాలని పట్టుబట్టి నన్నూ పిలిచాడు. రత్నమ్మ తలుపు బయటే నిలబడిపోయింది.

“రా అవ్వా. ఇప్పటి పురుగులకు కూలర్లు, ఫ్యాన్లు ఉండాయి. నీ చేతికి భయపడేంత తీరిక వాటికి యాడుండాది?” అన్నాడు మనవడు.

అందరూ నవ్వారు. ఆమె కదల్లేదు. అప్పుడు నేను చెప్పాను. అందరి ముందరే, దాచకుండా, గట్టు పక్క ఆకు, సినిమా, తొట్టి, నాయనకు చెప్పిన మాట, అన్నీ.

రత్నమ్మ విని నవ్వింది.

“ఊరుకో అన్నా. ఈ కత మా మనవరాలికి ఇస్కూల్లో గూడా చెప్పినారు. చెల్లెలి తప్పు అన్న మీదేసుకుంటాడు. ఈ వయసులో గూడా నా కోసరం అబద్ధం చెప్తాండావే, నువ్వు మారవప్పా.”

“కత కాదు రత్నా. నిజం.”

“ఆ కతలో అన్న గూడా నిజమనే గదా చెప్పె,” అంది. మనవడి చేతికి ఆకు అందించింది. గడప దాటలేదు. అక్కడున్నవాళ్ళు నా వైపు చూసిన చూపుల్లో గౌరవం ఇంకొంచెం పెరిగింది. అంతకన్నా పెద్ద దెబ్బ నన్నెవరూ కొట్టలేదు.

ఇంట్లోవాళ్ళు ఇక వదిలేయమంటున్నారు. ఆమే నమ్మనప్పుడు నీకెందుకీ పంతం అంటున్నారు. నేను వదలను. ఆ కథనూ వెనక్కి తీసుకోను. కథలో అన్న మంచివాడే, రాసినవాడు కాదు. పిల్లలు మళ్ళీ అడిగితే, ఆ అన్న నేను కాను, నేను ఇది చేశాను అని చెప్తాను.

మీకు నేనెవరో తెలియదు. నా మంచితనం గురించి మీరేమీ వినలేదు. అందుకే మీకు రాశాను. క్షమించమని అడగను, క్షమించాల్సిన మనిషి నా తప్పు ఉందనే ఒప్పుకోవడం లేదు. కానీ ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అది దాచను. రేపు బస్సెక్కి జంగమకోటెకు పోతాను. ఆమె ఎదురుగా కూర్చుని మళ్ళీ మొదటినుంచి చెప్తాను. నవ్వితే నవ్వనీ. ఎల్లుండి ఇంకోసారి చెప్తాను.